ఎల్లోరా పన్నెండో గుహలో గోడపూత

ఔరంగాబాద్ (ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్) నుంచి ఎల్లోరా దాదాపు 30 కిలోమీటర్లు. జనమంతా 16వ గుహ, అంటే కైలాస ఆలయం దగ్గరే గుమిగూడతారు. నేను వెళ్లింది 12వ గుహకు. మూడంతస్తుల ఈ బౌద్ధ విహారాన్ని తీన్ తాల్ అంటారు. ఇక్కడ చూడాల్సింది శిల్పాలనే కాదు, రాతి మీద అక్కడక్కడా మిగిలిన పూతను కూడా.

మట్టి, సున్నంతో పాటు అందులో గంజాయి జాతి హెంప్ మొక్క కలిసిందని 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది. అజంతా పూతలో హెంప్ దొరకలేదు, అక్కడ చిత్రాల్లో కనీసం పాతిక శాతాన్ని పురుగులు పాడుచేశాయి. పూత నిలిచిన ఘనతంతా మొక్కకే కట్టబెట్టడం మాత్రం తొందరపాటు. అజంతా వాఘోరా వాగు మలుపులో ఉంది, రెండు చోట్లా చెమ్మ ఒకేలా ఉండదు.

హెంప్ నార మట్టిని ఎండేటప్పుడు నెర్రెలివ్వకుండా పట్టి ఉంచుతుంది. నార తీశాక మిగిలే పుల్ల పని వేరు. దాని సన్నని గొట్టాల్లో గాలి నిలిచి వేడిని ఆపుతుంది. హెంప్, సున్నం కలిపి కట్టే ఇప్పటి హెంప్‌క్రీట్ గోడకు వాడేది ఈ పుల్లనే. తూకంలో ఒక వంతు పుల్ల ముక్కలకు వంతున్నర నుంచి రెండు వంతుల సున్నపు మిశ్రమం కలుపుతారు. నీళ్లకు గుప్పిట పరీక్షే నమ్మకం: పిసికితే ముద్ద నిలవాలి, చుక్క కారకూడదు. గాలి తగిలితేనే గట్టిపడే ఉత్త సున్నమైతే లోపల గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఈలోగా పుల్ల నీరు పీల్చేస్తే గోడ నడిమి భాగం పొడిగా రాలుతుంది. అందుకే నీటితో గట్టిపడే సున్నం కలుపుతారు.

మిశ్రమాన్ని అచ్చు చెక్కల మధ్య 10–15 సెంటీమీటర్ల వరసలుగా పోసి, అంచుల్లో మాత్రం తేలిగ్గా అదమాలి. గట్టిగా దిమ్మిస్తే గాలి ఖాళీలు పోయి, ఎండటమూ ఆలస్యమవుతుంది. 30 సెంటీమీటర్ల గోడ ఆరడానికి వారాలు పడుతుంది, వానాకాలం మొదలుపెడితే ఇంకా ఎక్కువ. ఇది బరువు మోసే గోడ కాదు, కప్పు బరువు చెక్క చట్రానిదే. అడుగున రాతి పీఠం లేకపోతే నేల చెమ్మ పైకి పాకుతుంది. పైన సిమెంట్ పూత పూస్తే చెమ్మ లోపలే చిక్కి పుల్ల కుళ్లుతుంది. సున్నపు పూతే వేయాలి.

రెండూ చూడాలంటే రోజులు సరిచూసుకోండి. ఎల్లోరాకు మంగళవారం, అజంతాకు సోమవారం సెలవు. 12వ గుహ పై అంతస్తులో వెలుతురు తక్కువ. ఎండ లోపలికి వాలే మధ్యాహ్నం తర్వాత వెళ్తే పూత అంచులు తేటగా కనిపిస్తాయి.