మూడు వారాలు బ్యాగులో ఉన్న చీటీ

డిసెంబరు 16, మంగళవారం. రాత్రి పదిన్నర.

ఇవాళ ధనుర్మాసం మొదలు. నాలుగున్నరకి గుడి మైకు మోగేసరికే నేను లేచి కూర్చుని ఉన్నాను. గుంటూరు బ్రాడీపేట అంతా ముసుగుతన్ని పడుకున్న చలిలో నాకు మాత్రం మెడ వెనక నుంచి చెమట కారుతోంది. ముందు గుండెలో చిన్న దడ వస్తుంది. ఆ వెంటనే రొమ్ముల కింద నుంచి పైకి సెగ తన్నుకొస్తుంది, ఉడుకుతున్న అన్నం గిన్నె మూత తీస్తే ముఖానికి కొట్టే ఆవిరి లాగా. మూడు నాలుగు నిమిషాలుంటుంది. అది తగ్గాక తడిసిన నైటీ ఒంటికి అంటుకుని వణుకు పుడుతుంది. ఫ్యాన్ వేస్తే పాప "అమ్మా, చలి" అని ముడుచుకుపోతుంది. అందుకే రెండు నెలలుగా నేను హాల్లో చాప మీద పడుకుంటున్నాను. పక్కన ఒక తువ్వాలు, ఒక మంచినీళ్ళ చెంబు.

నాకు 38 ఏళ్ళు. ఈ మాట ఇక్కడ రాయడం కూడా కష్టంగానే ఉంది. ముట్లుడగడం అంటే అమ్మమ్మల వయసు మాట అనుకునేదాన్ని.

స్కూల్లో మూడో పీరియడ్, తొమ్మిదో తరగతి లెక్కలు. హాజరు వేస్తుండగా మళ్ళీ వచ్చింది. గడ్డం మీద నుంచి ఒక చుక్క జారి సరిగ్గా 17వ నంబరు మీద పడింది. బ్లూ ఇంకు పూవులా విచ్చుకుని పేరు సగం చెరిగిపోయింది. వేలితో అద్దబోతే ఇంకా పాకింది. ముందు బెంచీ అమ్మాయి లేచి ఏమీ అడక్కుండా కిటికీ రెక్క తీసింది. ఆ పిల్లని దగ్గరికి తీసుకోవాలనిపించింది. "థాంక్స్ అమ్మా" అని బోర్డు వైపు తిరిగాను, కళ్ళల్లో నీళ్ళు కనపడకుండా.

ఈ కళ్ళనీళ్ళు కూడా ఇందులో భాగమేనట. అది తెలియక ఏడాదంతా నన్ను నేను తిట్టుకున్నాను. పోయిన ఏడాది నెలసరి మొదట రెండు నెలలకోసారి, తర్వాత నాలుగు నెలలకోసారి వచ్చింది. ఊళ్ళోనే ఒక ఆసుపత్రికి వెళ్తే "టెన్షన్ తగ్గించుకోండి, బరువు తగ్గండి" అన్నారు. డేట్ రావడానికి మాత్రలిచ్చారు. వేసుకుంటే వచ్చేది, ఆపితే ఆగేది. అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఒక్కసారైనా హార్మోన్ పరీక్ష రాయలేదు. నెలసరి మూడు నాలుగు నెలలు తప్పితే, గర్భం కాదని తేలితే, 40 లోపు ఆడదానికి మొట్టమొదట రాయవలసిన రక్త పరీక్షల్లో, అండాశయాలు అలిసేకొద్దీ పెరిగే హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ ఒకటని తర్వాత తెలిసింది. ఆ ఎనిమిది నెలల మీద నా కోపం ఇంకా పోలేదు.

సెప్టెంబరులో కొత్తపేటలో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఎఫ్‌ఎస్‌హెచ్ 68 వచ్చింది. నెల ఆగి మళ్ళీ చేయిస్తే 74. 25 దాటితేనే అండాశయాలు అలిసిపోయాయని అనుమానించాలట. మిగిలిన అండాల లెక్క చెప్పే ఎఎమ్‌హెచ్ దాదాపు సున్నా. థైరాయిడ్ బాగానే ఉంది. 40 నుంచి 45 మధ్య ఆగితే ఎర్లీ మెనోపాజ్ అంటారు. 40 కంటే ముందే అయితే దానికి వేరే పేరుంది, ప్రీమెచ్యూర్ ఒవేరియన్ ఇన్‌సఫిషియెన్సీ, అంటే అండాశయాలు వేళకి ముందే సరిగా పనిచేయకపోవడం. మన దేశంలో ఆడవాళ్ళకి మామూలుగా 46, 47 ఏళ్ళకి ముట్లుడుగుతాయి. నాకు ఎందుకిలా అంటే, చాలామందికి కారణం దొరకదనే చెప్పింది.

"అండాశయాలు పూర్తిగా చచ్చిపోయాయని కాదమ్మా, ఎప్పుడైనా ఒకసారి మేలుకోవచ్చు. ఇలాంటివాళ్ళలో నూటికి ఐదుగురికి వాటంతటవే గర్భం వస్తుంది కూడా" అంది. ఆ ఐదుగురి మాట నేను వారం రోజులు మనసులో మోశాను. పాపకి తోడుగా ఇంకొకరు కావాలని ఇద్దరం అనుకుంటూనే వాయిదా వేశాం. బదిలీ అవనీ, ఇల్లు కట్టనీ అని. దాని చిన్నప్పటి స్వెట్టర్లు అటక మీద ట్రంకుపెట్టెలో కలరా ఉండలేసి దాచాను. వేరేవాళ్ళ అండంతో ఐవీఎఫ్ చేయించుకోవచ్చని, 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఆడవాళ్ళకి 50 ఏళ్ళ వరకు అవకాశం ఉందని చెప్పింది. ఆ రాత్రి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మనకి పాప ఉందిగా" అన్నారు. ఓదార్పుగానే అన్నారు. కానీ నాకు ఆ పూట ఓదార్పు అక్కర్లేదు, నాతో కలిసి ఒక గంట బాధపడితే చాలనిపించింది. ఐవీఎఫ్ సంగతి పక్కన పెట్టాం. ఇంకా పెట్టె దించలేదు.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో డబ్బాలు తెరిచాం. తెలుగు మేడమ్‌కి ఒక్కరికే చెప్పాను ఈ విషయం. ఆవిడ నా చేతిలో చెయ్యి వేసి "పోనీలేమ్మా, ప్రతి నెలా ఆ బాధ తప్పింది, ఒక రకంగా అదృష్టం" అంది. ప్రేమగానే అంది. నేను తలూపాను. అన్నం మాత్రం దిగలేదు, ఎందుకంటే అచ్చం ఇదే మాట మా అమ్మతోనూ అన్నారు.

అమ్మకి 32 ఏళ్ళప్పుడు పెద్దాపరేషన్ చేశారు. నేను ఐదో తరగతి. సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో ఆర్‌ఎంపీ, తెల్లబట్ట అవుతోందంటే "ఇలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది, సంచి తీయించేసుకో" అన్నాడు. ఆ ఏడు మిరపకాయల డబ్బంతా దానికే పోయింది. మా వీధిలోనే అలా తీయించుకున్నవాళ్ళు ఐదారుగురు. "పీడ పోయింది, ఇక నిశ్చింతగా పొలం పనులు చేసుకోవచ్చు" అనుకునేవాళ్ళు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. తెలంగాణలో 8 శాతం. దేశం మొత్తం మీద 3 శాతమే. 49 దాటిన మా అమ్మ తోటివాళ్ళు ఆ 9లోకి రానే రారు. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగినట్టు. అవి ఉంచినా కొందరికి కొన్నేళ్ళు ముందుగానే పనిచేయడం మానేస్తాయి. ఎముకలకి, గుండెకి కాపు కాసే ఈస్ట్రోజన్ అలా నడి వయసు రాకముందే పోతుంది. దాని గురించి అమ్మకి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు, ఒక్క మాత్ర ఇవ్వలేదు.

2018లో, అమ్మకి 51. వాకిట్లో ముగ్గు వేసి లేవబోతూ తూలి కుడిచెయ్యి నేలకి ఆనించింది. అంతే, మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో వాపు పెరుగుతోందని కట్టు కట్టేముందు మట్టిగాజులు పగలగొట్టారు. నాన్న పక్కనే నిలబడి ఉన్నారు. ఎముక విరిగినందుకు కంటికి తడి రానివ్వని మనిషి, బతికున్న మొగుడి ముందు గాజులు పగలగొట్టించుకున్నందుకు కుమిలి కుమిలి ఏడ్చింది. ఎముక సరిగా అతకలేదు. మణికట్టు దగ్గర చెయ్యి ఇప్పటికీ గరిటె కాడలా కొంచెం వంగి ఉంటుంది. ఆ చేతికి మళ్ళీ గాజులు వేసుకోలేదు. "అచ్చి రాలేదులే" అంటుంది.

ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ చేయించాను. నా రిపోర్టులో వెన్నుపూస దగ్గర మైనస్ 1.9 అని ఉంది. మైనస్ 1 దాటితే ఎముక పలచబడటం మొదలైనట్టు, మైనస్ 2.5కి వెళ్తే బోలు ఎముకల జబ్బు. ఆ అంకె చూసిన క్షణం నాకు అమ్మ చెయ్యే కనిపించింది.

అంత తెలిసీ డాక్టరమ్మ రాసిన చీటీని మూడు వారాలు బ్యాగులోనే ఎందుకు పెట్టుకు తిరిగానంటే, భయం. "హార్మోన్ మందులా? క్యాన్సర్ వస్తుందటగా!" అని మా ఆడపడుచు ఫోనులో అరిచినంత పని చేసింది. అత్తయ్య శతావరి చూర్ణం తెప్పించింది. రోజూ పాలల్లో కలిపి తాగుతున్నాను, ఆవిడ మనసు కష్టపెట్టలేను. కానీ సెగ తగ్గలేదు.

అదే అడిగితే డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఆ భయం 2002లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం నుంచి పుట్టింది. అందులో ఆడవాళ్ళ సగటు వయసు 63. ఈస్ట్రోజన్‌తో పాటు ఇంకో హార్మోన్ కలిపి వాడిన వాళ్ళలో ఏడాదికి పదివేల మందికి 8 మందికి ఎక్కువగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆ లెక్కని తెచ్చి 38 ఏళ్ళ మనిషికి అంటించకూడదు అంది. "వాళ్ళకి ఉండవలసిన వయసు దాటాక అదనంగా ఇచ్చారు. నీకు 50 దాకా నీ ఒంట్లో ఉండవలసిందే లేకుండా పోయింది. టీచరువి కదా, ఇలా చెబుతా. ఇది బోనస్ కాదు, నీకు రావలసిన జీతం." పోయిన నెలలో, అంటే 2025 నవంబరులో, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఈ మందుల డబ్బాల మీద ఉండే పెద్ద హెచ్చరికల్లో చాలావరకు తీసేస్తామని ప్రకటించింది. ఒకటి మాత్రం ఉంచారు. గర్భసంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే లోపలి పొర మందమై క్యాన్సర్ అయ్యే ప్రమాదం ఉంది. అందుకే ఆ పొరని మందం కానివ్వని హార్మోన్, ప్రొజెస్టిరాన్ కూడా నాకు రాసింది, నెలకి 12 రోజులు, రాత్రి పడుకునే ముందు 200 మిల్లీగ్రాములు.

ఈస్ట్రోజన్ మాత్ర, గర్భనిరోధక మాత్ర, ఈస్ట్రోజన్ జెల్, ఈ మూడింటి గురించీ చెప్పింది. నాకు పార్శ్వనొప్పి ఉంది. నోటి మాత్రతో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొద్దిగా పెరుగుతుంది, చర్మం గుండా వెళ్ళే జెల్‌తో ఆ బెడద కనపడలేదట. కాబట్టి జెల్. హార్మోన్ లేకుండా సెగ తగ్గించే మందులూ ఉన్నాయి, డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రలు తక్కువ మోతాదులో పనిచేస్తాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చిన వాళ్ళకి అవే దారి. కానీ అవి ఎముకని కాపాడవు. రాగిజావ, వారానికొకసారి 60,000 యూనిట్ల విటమిన్ డి, రోజూ అరగంట నడక, ఇవన్నీ ఎలాగూ చేయాలి. ఇవి ఆ లోటుని పూడ్చలేవు. ఏమీ వాడకుండా ఉండటం కూడా ఒక దారే అనుకున్నాను మొన్నటిదాకా. ఆ దారిలో నడిచి వెళ్ళిన మనిషి మా పుట్టింట్లోనే ఉంది కదా అని ఇవాళ మధ్యాహ్నం, ఆ అన్నం డబ్బా ముందు కూర్చుని ఉండగా తట్టింది.

సాయంత్రం మందుల షాపులో చీటీ ఇచ్చాను. మడతల దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉంది. కుర్రాడు చదివి "ఎవరికి మేడమ్, ఇంట్లో పెద్దవాళ్ళకా?" అన్నాడు. "నాకే" అన్నాను. అంత గట్టిగా అంటాననుకోలేదు. పక్కనున్న ఒకావిడ తిరిగి చూసింది. చూడనీ. బిల్లు వెయ్యి దాటింది. 12 ఏళ్ళు ఇలా కొనాలి. ఇంటికొచ్చి ఆయనకి చెబితే, ఏమీ అనకుండా నెల ఖర్చుల పుస్తకంలో పాలు, కరెంటు కింద ఇంకో గీత గీసి "మందులు" అని రాశారు. ఆయన దస్తూరిలో ఆ మాట చూస్తే గుండె తేలికపడింది.

ఇందాక జెల్ కొలిచి భుజానికి రాసుకున్నాను. చల్లగా ఉంది, స్పిరిట్ వాసన. ఆరేదాకా ఎవరికీ తగలకూడదన్నారు. పాప దగ్గరికి వచ్చి "ఏంటమ్మా అది?" అంది. ఏడో తరగతి, దానికే ఈ మధ్య మొదలయ్యాయి. "నా ఒంట్లో ఒక హార్మోన్ తొందరగా తగ్గిపోయింది నాన్నా, అది ఇలా బయట నుంచి ఇస్తున్నాం" అన్నాను. "నొప్పా?" అంది. "కాదు" అంటే సరే అని వెళ్ళిపోయింది. దానికి పెద్దయ్యాక అన్నీ చెబుతాను. ఇంట్లో ఇలా ఉంటే పిల్లలకీ వచ్చే అవకాశం కొంత ఉంటుందట, తెలిసి ఉండటం మంచిది.

తర్వాత అమ్మకి ఫోన్ చేశాను. ఇన్నాళ్ళూ దాచింది ఇవాళ మొత్తం చెప్పాను. చాలాసేపు ఊ కొట్టింది.

"అమ్మా, అప్పుడు నీకు అండాశయాలు కూడా తీశారా?"

"అవన్నీ నాకేం తెలుసమ్మాయ్. సంచి తీశామన్నారు. కాయితాలు ఏనాడో చెదలు పట్టాయి." కాస్త ఆగి, "నాకూ ఇలాగే సెగలు పుట్టేవి. రెండేళ్ళు. మిరపతోటలో ఎండకేమో అనుకున్నా" అంది.

నేనేమీ అనలేకపోయాను. అప్పుడు అమ్మకి నాకంటే ఐదారేళ్ళు చిన్న వయసు.

ఈ వయసులో హార్మోన్లు మొదలుపెట్టరట అమ్మకి. కానీ ఎముకలకి వేరే మందులున్నాయి, ముందు స్కాన్ చూడాలని డాక్టరమ్మ అంది. ఆదివారం సాయంత్రం బస్సుకి రమ్మన్నాను, సోమవారం నేను సెలవు పెడతాను. పరగడుపున ఉండాలా అంది. అక్కర్లేదు, తినే వెళదాం అన్నాను. నడుముకీ తుంటికీ తీస్తారని చెప్పాను.

"గాజులు తీయాలా మరి?"

"వద్దమ్మా. గాజులు ఉండనీ."