అడ్వాన్స్ ఎవరి వాటాలోంచి తీరుతుంది?

యూనివర్సల్, సోనీ, వార్నర్ అనే మూడు పెద్ద మ్యూజిక్ కంపెనీల గురించి వార్తల్లో వచ్చేది ఎంతసేపూ ఏ గాయకుడికి ఎన్ని కోట్లిచ్చి సంతకం చేయించుకున్నారనే. నాకు మాత్రం ఆ అగ్రిమెంట్లలో అన్నిటికంటే అన్యాయంగా అనిపించేది ముందుగా ఇచ్చిన ఆ డబ్బును, అంటే అడ్వాన్స్‌ను, తిరిగి రాబట్టుకునే పద్ధతే.

లెక్క చూడండి. కంపెనీ ఇచ్చిన అడ్వాన్స్ స్టూడియో ఖర్చులతో కలిపి 2 లక్షల డాలర్లు, గాయకుడి రాయల్టీ, అంటే రాబడిలో అతని వాటా, 20 శాతం అనుకుందాం. ఆల్బమ్ మీద 10 లక్షలు వచ్చాయి. పెట్టింది 2 లక్షలే కదా, బాకీ ఎప్పుడో తీరిపోయి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు, కానీ అగ్రిమెంట్ ప్రకారం అది తీరాల్సింది మొత్తం రాబడిలోంచి కాదు, గాయకుడి 20 శాతంలోంచి మాత్రమే. అంటే ఆ 10 లక్షలూ వచ్చేదాకా రాయల్టీ కింద అతని చేతికి ఒక్క డాలరు కూడా రాదు. ఇంతా అయ్యాక కూడా మాస్టర్, అంటే పాట అసలు రికార్డింగ్, మామూలుగా కంపెనీదే! ఆల్బమ్ ఆడకపోతే గాయకుడు జేబులోంచి కట్టక్కర్లేదు, ఆ నష్టం కంపెనీదే, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఆడిన ఆల్బమ్ మీద ఈ లెక్కేంటి?

2018లో పాటలు వినిపించే స్పాటిఫై యాప్ కంపెనీ షేర్ మార్కెట్‌కి వచ్చినప్పుడు ఈ విషయం బాగా బయటపడింది, ఎందుకంటే అప్పట్లో ఈ మూడు మ్యూజిక్ కంపెనీలకీ అందులో వాటాలుండేవి. వార్నర్ తన వాటా మొత్తం 50 కోట్ల డాలర్లకు పైగా అమ్ముకుని, గాయకులకు పంచిన భాగాన్ని వాళ్ల పాత బాకీల్లో జమ వేసింది. సోనీ బాకీలతో సంబంధం లేకుండా ఇస్తామంది. అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ తన పాత ఆల్బమ్‌లు మళ్లీ రికార్డు చేసిన సంగతే అందరూ చెప్పుకుంటారు గానీ, నాకు ఆమె మీద గౌరవం పెరిగింది 2018 నవంబర్‌లోనే యూనివర్సల్‌తో చేసుకున్న ఒప్పందం వల్ల. కొత్త మాస్టర్లు తనవేనని రాయించుకోవడమే కాదు, యూనివర్సల్ తన స్పాటిఫై షేర్లు ఎప్పుడు అమ్మినా ఆ డబ్బు కంపెనీలోని గాయకులందరికీ, బాకీలో మినహాయించకుండా పంచాలని పట్టుబట్టింది. ఆ షరతుతో ఆమెకు కొత్తగా ఒరిగేదేమీ లేదు, బాకీ తీరని చిన్న గాయకులకే లాభం.

2021 జూన్‌లో సోనీ ఒక అడుగు ముందుకేసింది. 2000కి ముందు సంతకం చేసి, ఆ తర్వాత కొత్త అడ్వాన్స్ తీసుకోనివాళ్లకు పాత బాకీ ఎంతున్నా ఇకపై రాయల్టీ ఇస్తామని ప్రకటించింది. మరుసటి ఏడాది వార్నర్, యూనివర్సల్ కూడా అదే దారి పట్టాయి. మంచి పనే, స్ట్రీమింగ్ వచ్చాక ఎప్పటివో పాటలు మళ్లీ డబ్బు తెస్తున్నాయి మరి.

మన దేశంలోనైతే ఇలాంటిది కంపెనీల ఇష్టానికి వదలకుండా 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, సినిమా పాట రాసినవాళ్లూ బాణీ కట్టినవాళ్లూ థియేటర్ బయటి వాడకం మీద తమకొచ్చే రాయల్టీ హక్కును కంపెనీకి రాసిచ్చేయడానికి వీల్లేకుండా చేశారు. అమలు వేరే కథ, కానీ కాగితం మీదైనా ఆ రక్షణ ఉంది.

మళ్లీ ఆ మూడు కంపెనీల దగ్గరికొస్తే, పాత బాకీ పట్టించుకోకపోవడానికి గీత 2000 దగ్గరే ఎందుకు గీయాలి? 2005లో సంతకం చేసిన బ్యాండ్‌కి కూడా ఇదే కష్టం కదా. లండన్‌లోని బెగ్గర్స్ గ్రూప్ చాలా చిన్న మ్యూజిక్ సంస్థ, అదే గాయకుడితో ఒప్పందం ముగిసిన 15 ఏళ్లకు మిగిలిన బాకీ కొట్టేస్తుంటే, ఆ మూడు పెద్ద కంపెనీలు అందరికీ ఆ పని ఎందుకు చేయలేవో చెప్పాలి.