ముందు పాస్‌పోర్టు సంగతి

డ్యూటీ దిగి, స్నానాలు చేసి, పొయ్యి మీద అన్నం పెట్టాకే వలస కార్మికులు నోరు విప్పుతారు. అందుకే మేం రాత్రిపూట వాళ్ల గదులకే వెళ్తాం. హక్కుల ఉపన్యాసం ఇవ్వం. ‘పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది?’ అని అడుగుతాం. ఒకరు ‘యజమాని దగ్గర’ అనగానే మిగతావాళ్లూ తలలూపుతారు. అలా దగ్గర పెట్టుకోవడాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ వెట్టిచాకిరీ గుర్తుల్లో ఒకటిగా లెక్కిస్తుందని చెప్తే ఆశ్చర్యపోతారు. ఎవరూ చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?

తర్వాత అసలు పని. రోజూ ఎన్ని గంటలు చేశారో నోటుబుక్కులో రాసుకోవాలి, జీతం చీటీని ఫొటో తీసి ఇంటికి పంపాలి. చదువురాని ఒక అక్క ఓవర్‌టైమ్ గంటకో గీత చొప్పున క్యాలెండర్ మీద గీసుకుంది. బకాయిల మీద ఫిర్యాదు చేసినప్పుడు ఆ గీతలే సాక్ష్యం. ఫిర్యాదుకు మాత్రం ఎవరినీ ఒంటరిగా పంపం. ఒక్కరైతే తెల్లారేసరికి యజమాని ఇంటికి తిరుగు టికెట్ చేతిలో పెట్టేస్తాడు.

వలస కార్మికుల, వారి కుటుంబాల హక్కుల ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 1990 డిసెంబరు 18న ఆమోదించింది. 2003లో అమల్లోకి వచ్చింది. కార్మికులను రప్పించుకునే సంపన్న దేశాల్లో చాలావరకు దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. ఏటా డిసెంబరు 18న మేం ప్లకార్డులు పట్టుకుని అడిగేది ఆ ధ్రువీకరణే.