బాతుగుడ్డు లెక్క

థోన్‌బురి స్టేషన్లో పొద్దున్న 7:50కి బండెక్కాం. మూడో తరగతి పెట్టె, కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. విదేశీయులకి టికెట్ వంద బాట్లు, ఎక్కడ దిగినా అంతే. పక్క ఊరికి పోయే ముసలమ్మకీ నాకూ ఒకే బల్ల, రేటు మాత్రం వేరు. అది వాళ్ల దేశం, వాళ్లిష్టం.

మా అమ్మాయిది బ్యాంకాక్‌లో ఉద్యోగం. పట్టాయా వెళ్దామా, ఫుకెట్ వెళ్దామా అని అడిగితే కాంచనబురి అన్నాను. "అక్కడ ఖ్వే నది వంతెన తప్ప ఏముందండీ మావయ్యగారూ?" అన్నాడు అల్లుడు. నాకు కావాల్సింది వంతెన కాదు బాబూ, ఆస్పత్రి అన్నాను. వాళ్లిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

అసలు సంగతేమిటంటే, నేను ముప్పై ఏళ్లు ఒక ప్రభుత్వాసుపత్రిలో డైట్ సెక్షన్ చూశాను. పొద్దున్నే వార్డుల నుంచి ఇండెంట్లు రావడం, ఎవరికి ఫుల్ డైట్, ఎవరికి పాల డైట్, ఎన్ని రొట్టెలు, ఎన్ని గుడ్లు అని కూడడం, కాంట్రాక్టరు తెచ్చిన పాలలో వేలు ముంచి చూడడం, ఇదీ నా బతుకు. ఏ ఆస్పత్రికి వెళ్లినా ఇప్పటికీ నా కాళ్లు ముందు వంటశాల వైపే నడుస్తాయి. ఎనభై ఏళ్ల కిందట, రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ చేతిలో బందీలైన మిత్రరాజ్యాల సైనికులు, పడుకోడానికి వెదురు తడక తప్ప ఏమీ లేని చోట, వేలమంది రోగులకి అన్నం ఎలా పెట్టారో చదివిన దగ్గర్నుంచీ ఆ చోటు చూడాలని ఉంది.

బండి నఖోన్ పథోం దాటింది. పెద్ద స్తూపం కనిపిస్తే అందరూ అటు చూశారు. 1944లో ఈ ఊళ్లోనే బందీల కోసం పెద్ద ఆస్పత్రి క్యాంపు పెట్టారు, ఆల్బర్ట్ కోట్స్ అనే ఆస్ట్రేలియా సర్జన్ అక్కడ పెద్ద డాక్టరు. అంతకుముందు బర్మా వైపు ఒక్క క్యాంపులోనే వందకి పైగా కాళ్లు తీసిన మనిషి. ఇంకొంచెం ముందుకెళ్తే నాంగ్ ప్లాదుక్ జంక్షన్. అక్కడ మెయిన్ లైను విడిచి మా బండి పడమటికి తిరిగింది. బందీలు కట్టిన రైలుమార్గానికి ఆ మలుపు దగ్గరే మొదలు, బర్మాలోని థన్‌బ్యూజయాత్ దాకా 415 కిలోమీటర్లు. 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరుకల్లా జపాన్ సైన్యం కట్టించేసింది. అరవై వేల పైచిలుకు యుద్ధఖైదీలు పనిచేస్తే పన్నెండు వేలకి పైగా పోయారు. ఆసియా కూలీల సంగతి తర్వాత చెప్తాను.

కాంచనబురిలో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. ముందు నది ఒడ్డున ఒక బౌద్ధ విహారం ఆవరణలో ఉన్న జీత్ మ్యూజియానికి వెళ్లాం. బందీలుండే పాకలాగే కట్టి చూపించారు. పొడుగాటి తాటాకు కప్పు, మధ్యలో మట్టి నడవ, రెండు పక్కలా వెదురు బద్దల అరుగు. మా అల్లుడు ఫొటోలు తీస్తుంటే నేను జానలతో అరుగు కొలిచాను. మనిషికి రెండున్నర అడుగులు దక్కితే ఎక్కువ. మా మగవాళ్ల వార్డులో మంచాలు చాలక ఒక్కో దాని మీద ఇద్దరిని పడుకోబెట్టిన రోజులు గుర్తొచ్చాయి. కాకపోతే మాకు పైన ఫ్యాను తిరిగేది, కింద బురద ఉండేది కాదు.

అక్కణ్ణించి నది దాటి చుంగ్‌కాయ్. ఊరికి కొద్ది కిలోమీటర్లే. ఇప్పుడు అక్కడ ఉన్నది సమాధుల తోట మాత్రమే. కత్తిరించిన పచ్చిక, ప్రతి పలక పక్కనా ఓ పూలమొక్క, వెనకాల నది. 1,700 పైచిలుకు సమాధులు. పని క్యాంపుల్లో పడిపోయినవాళ్లని పడవల్లో వేసి కిందికి దింపితే చేరే ఆస్పత్రి ఇదే. ఇందులో చాలామంది ఆ ఆస్పత్రిలో పోయినవాళ్లే, తోటి బందీలే గోతులు తీసి పూడ్చారు. పాకలు, వంటశాల, ఏదీ మిగల్లేదు. ఓ చెట్టు నీడలో కూచుని, వంటశాల ఎక్కడ ఉండి ఉంటుందా అని చూశాను. నీళ్లు మొయ్యాలి కాబట్టి నది పక్కనే ఉండాలి.

ఇక వాళ్ల డైట్ స్కేలు. జపాన్ వాళ్ల లెక్క మహా సులువు. పనిలోకి వెళ్లేవాడికి ఎక్కువ బియ్యం, మంచాన పడ్డవాడికి తక్కువ. కూలి డబ్బులూ పనిలోకి వెళ్లినవాడికే. మా ఆస్పత్రిలో టీబీ రోగికి అదనంగా గుడ్డు రాసేవాళ్లం, ఇక్కడ రోగం వస్తే ఉన్నదే కోత. రోగుల్ని ఆకలితో పనిలోకి తరమాలన్నదే ఎత్తు. దాంతో లేవలేనివాడు కూడా లేచి వెళ్లేవాడు, సాయంత్రానికి ఇంకా జబ్బుపడి వచ్చేవాడు. 1943 నడిమిలో, రైలు పట్టా త్వరగా తేలాలని జపాన్ వాళ్లు "స్పీడో, స్పీడో" అని తరిమిన నెలల్లో, డాక్టర్ల సగం పని రోగుల కోసం కాపలాదారులతో వాదించడమే.

ఆ బియ్యమేమో బాగా మరపట్టిన తెల్లబియ్యం. మట్టిబెడ్డలు, పురుగులు. బూరెల మూకుడుని నాలుగింతలు చేస్తే ఎంత ఉంటుందో అంత ఇనప మూకుళ్లలో వండేవారు. వాటిని క్వాలీ అనేవారు. పొద్దున గంజిలాంటి జావ, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, దాని మీద గుమ్మడికాయో ముల్లంగో ఉడికించిన నీళ్లు. రోజుల తరబడి అదే. విటమిన్ బి1 బియ్యపు పైపొరలో ఉంటుంది, మర దాన్ని తవుడుతో పాటు తీసేస్తుంది. కాళ్లు ఉబ్బి, గుండె పెద్దదై, బెరిబెరితో మనుషులు పోయారు.

ఇక్కడ మా ఊరివైపు సంగతొకటి చెప్పాలి. ఆ రోజుల్లో మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి పాతుకుపోయిన చోటు మా సర్కారు జిల్లాలే. దక్షిణాన తమిళులు ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లు ఉడికించినప్పుడు పైపొరలోని సత్తువ లోపలికి ఇంకుతుంది కాబట్టి మరపట్టినా కొంత మిగిలేది. మనకి ఉప్పుడు బియ్యం వాసనే గిట్టదు, పచ్చిబియ్యం మల్లెపువ్వులా తెల్లగా ఉండాలి, పైగా గంజి వార్చాలి. కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకి మొదలైన చిన్న ల్యాబే పెరిగి పెద్దదై, హైదరాబాద్ తార్నాకకి వచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో వాళ్ల పుస్తకం దగ్గర పెట్టుకునే డైట్ లెక్కలు వేసేవాణ్ణి.

చుంగ్‌కాయ్ డాక్టర్లకీ మందు ఎక్కడుందో తెలుసు. తవుడు! పందులకి వేసే తవుడు దొరికితే బతిమాలి, కొని, జావలో కలిపి తాగించేవారు. జావా నుంచి బందీలుగా వచ్చిన డచ్చివాళ్లకి పెసల గుణం తెలుసు, వాటిని కచాంగ్ ఇజో అనేవారు. కోడికి తెల్లబియ్యం పెడితే కాళ్లు పడిపోతాయని 1890ల్లో బటావియాలో (ఇప్పటి జకార్తా) కనిపెట్టిన ఐక్‌మన్ కూడా డచ్చివాడే కదా. మా అమ్మ పెసలు నానబోసినప్పుడల్లా మొహం చిట్లించేవాణ్ణి.

అన్నిటికన్నా పెద్ద మందు బాతుగుడ్డు. చుట్టుపక్కల రైతుల దగ్గర, నది మీద పడవ వర్తకుల దగ్గర దొరికేది అదే. ఒక బాతుగుడ్డులో సుమారు తొమ్మిది గ్రాముల మాంసకృత్తులు. అన్నంలో లేని బి విటమిన్లు కూడా ఉంటాయి. పనిచేసిన సిపాయికి వచ్చే చిల్లరతో క్యాంటీన్లో కొనుక్కునేవాటిల్లో దానిదే పెద్దపీట. మంచాన పడ్డవాడికి చిల్లరే లేదు. అందుకని బందీల్లోని ఆఫీసర్ల జీతంలోంచి కొంత కోసి ఆస్పత్రి నిధికి వేసి, ఆ డబ్బుతో గుడ్లు కొని రోగులకి రాసేవారు. కొందరు ఆఫీసర్లు గొణిగారట. ఎందుకు గొణగరు, వాళ్లకీ ఆకలే కదా. అయినా ఇప్పించినవాళ్లు ఇప్పించారు. గుడ్డు ఎవరికి రాయాలి? బతికే ఆశ ఉన్నవాడికా, పోబోయేవాడికా? నేను కాగితం మీద గుడ్లు రాసి కొట్టేసిన మనిషిని. నెలాఖరుకి బడ్జెట్ చాలక, లిస్టులో ఎర్ర ఇంకుతో గీతలు పెట్టినప్పుడు ఆ పేర్లకి మొహాలు ఉంటాయని నాకు తట్టేది కాదు. ఆ చెట్టు కింద కూచున్నంతసేపూ తట్టింది.

చుంగ్‌కాయ్‌లో పనిచేసినవాళ్లలో జేకబ్ మార్కొవిట్జ్ అనే కెనడా సర్జన్ ఒకడు. అడవిలో గీరుకున్న చిన్న గాయం తిండిలేని ఒంటిమీద ఎముక దాకా తినేసే పుండయ్యేది. కుళ్లిన కండని చెంచాతో గోకేవారు, ఆగకపోతే కాలు తీసేవారు. రక్తం ఎక్కించడానికి సరంజామా లేదు. తోటి బందీ ఇచ్చిన రక్తం గడ్డకట్టకుండా గిన్నెలో ఆపకుండా చిలికేవారు, మజ్జిగ చిలికినట్టే. పీచులా పేరుకున్నది తీసేసి, గుడ్డలో వడగట్టి, వేరేవాడికి ఎక్కించేవారు. కాలు పోయినవాళ్లకి వెదురుతో కాళ్లు. కలరా వస్తే మరగబెట్టిన ఏటినీళ్లలో వంట ఉప్పు కలిపి, వెదురు గొట్టంతో నరంలోకి. ఇన్నీ చేసినా, పైన కాస్త తిండి పడితేనే పుండు మానేది.

సాయంత్రం పాక్ ప్రేక్ వీధి. పాతకాలపు మేడలు, కింద దుకాణాలు. అందులో ఒకటి బూన్ పాంగ్ సిరివెజ్జభండుది. క్యాంపులకి సరుకులు అమ్మే కాంట్రాక్టు ఈయనది. నది మీద పడవలేసుకుని పైకెళ్లి కూరగాయలు, గుడ్లు అమ్మేవాడు, వాటి అడుగున మందులు, డబ్బు దాచి డాక్టర్లకి చేర్చేవాడు. దొరికితే జపాన్ మిలిటరీ పోలీసులు, కెంపెయ్ తాయ్ వాళ్లు, ప్రాణం తీసేవారే. యుద్ధం అయ్యాక బ్రిటన్ వాళ్లు జార్జ్ మెడల్ ఇచ్చారు. ఆయన పేరూ, బందీల్లో పేరుపడ్డ డాక్టరు వియరీ డన్‌లప్ పేరూ కలిపి పెట్టిన ఫెలోషిప్ మీద థాయ్ సర్జన్లు ఆస్ట్రేలియా వెళ్లి చదువుకుంటున్నారు. నా సర్వీసులో కాంట్రాక్టరు అంటే సరుకులో తగ్గించేవాడే. సరుకు అడుగున దాచి ఎక్కువ ఇచ్చినవాణ్ణి చూళ్లేదు. ఆ ఇంటి ముందు నిలబడి మాత్రం అల్లుణ్ణి నేనే ఫొటో తియ్యమన్నాను.

కూలీల సంగతి చెప్తానన్నాను కదా. మలయా తోటల నుంచి, జావా నుంచి, బర్మా నుంచి సుమారు రెండు లక్షలమందిని తెచ్చారని అంచనా, పోయినవాళ్లు తొంభై వేల దాకా అంటారు. మలయా నుంచి వచ్చినవాళ్లలో ఎక్కువమంది తమిళులు, తెలుగువాళ్లూ ఉన్నారు. మా వైపు నుంచి తోటపనికి వెళ్లినవాళ్ల పిల్లలే వాళ్లు. వాళ్లకి డాక్టర్లూ లేరు, జీతం కోసి నిధి పెట్టే ఆఫీసర్లూ లేరు. జబ్బులు మరీ ముదిరాక, 1943 జూన్‌లో సింగపూర్ నుంచి కె ఫోర్స్ అని బందీ డాక్టర్లని, నర్సింగ్ సిపాయిల్ని కూలీ ఆస్పత్రులకి పంపారు. వాళ్ల చేతిలోనూ పెద్దగా ఏమీ లేదు.

వంతెన దగ్గర 1944లో జపాన్ సైన్యమే కట్టించిన స్మారకం ఉంది. పోయినవాళ్ల ఆత్మశాంతికట. గోడల మీద రకరకాల భాషల పలకలు. తమిళం ఉంది. చుట్టూ తిరిగాను, తెలుగు కనిపించలేదు. "ఏం వెతుకుతున్నావు నాన్నా?" అంది మా అమ్మాయి. ఏం లేదమ్మా అన్నాను.

తిరుగు బండికి ఇంకా గంట ఉంది. స్టేషన్ దగ్గర సంతలో ఒకావిడ బుట్టలో బాతుగుడ్లు పెట్టుకుని కూచుంది, లేత నీలం రంగువి. ఒకటి చేతిలోకి తీసుకుని, పాత అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టి ఊపి చూశాను. ఆవిడ నవ్వి, ఎన్ని కావాలని వేళ్లతో అడిగింది. మా అమ్మాయి "ఇంట్లో ఎవరూ తినరు నాన్నా, నీచు వాసన" అంది. నేను నాలుగు వేళ్లు చూపించాను.