షెన్‌జెన్‌లో చెల్లని నోటు

చైనాలో షెన్‌జెన్ దాకా పోయొచ్చినా, అక్కడి హ్వాచ్యాంగ్‌బెయ్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్ గురించి రాయను. బావకి హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో మొబైల్ సామాన్ల షాపు, కాబట్టి రెండు రోజులు కేబుళ్లు, పౌచ్‌లు బేరమాడుతూ ఆయన వెనక తిరిగాను. కాళ్లు పీక్కుపోయాయి, అంతే. నాకు గుర్తుండిపోయింది మూడో రోజు తిన్న 15 యువాన్ల నూడుల్స్.

హోటల్లో తిండి రేట్లు చూసి గుండె గుభేల్‌మని, మధ్యాహ్నం ఒక్కణ్ణే షియాషా వైపు నడిచాను. పేరుకి ఊరే గానీ నగరం లోపలే ఉంది. హువాంగ్ వంశం వాళ్ల పూర్వీకుల మందిరం కూడా ఉంది. పొలాలు ఎప్పుడో నగరంలో కలిసిపోయినా ఇళ్ల జాగాలు ఊరివాళ్లకే మిగిలాయి, వాటిమీద ఏడెనిమిది అంతస్తులు లేపి గదులు అద్దెకిచ్చుకుంటున్నారు, అచ్చం మన మాదాపూర్‌లో హాస్టళ్లు లేచినట్టే. ఇలాంటి ఇళ్లని షేక్‌హ్యాండ్ బిల్డింగులంటారు. ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి చెయ్యందుతుంది మరి. మిట్టమధ్యాహ్నం కూడా సందులో ట్యూబ్‌లైట్ వెలుగుతోంది. షెన్‌జెన్ ఒకప్పుడు చేపలు పట్టే పల్లె అని అందరూ చెప్తారు గానీ, 1980లో ప్రత్యేక ఆర్థిక మండలి చేసేనాటికే ఈ ప్రాంతమంతా కలిపి 3 లక్షల మంది ఉన్నారు. 2020 లెక్కల్లో కోటీ 75 లక్షలు.

తిన్నాక మొదలైంది టెన్షన్. క్యూఆర్ కొడితే డబ్బు పోవట్లేదు, మా బ్యాంకు కార్డు ఆపేసింది, పైగా 'మీ భద్రత కోసమే' అని మెసేజ్. జేబులో 100 యువాన్ల నోటుంది. షాపావిడ దాన్ని చూసి చెయ్యి అడ్డంగా ఊపింది. చిల్లర లేదు, అసలు గల్లాపెట్టే లేదు. మా మక్తల్‌లో బజ్జీల బండి మీద ఫోన్‌పే డబ్బా అరిస్తే ఎంత మారిపోయామో అని మురిసిపోయేవాణ్ణి, ఇక్కడ 180 రూపాయలకి దొంగలా నిలబడ్డాను.

పక్క బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తున్న డెలివరీ కుర్రాడు (కుర్రాడేం కాదు, నలభై ఉంటాయి) లేచి తన ఫోన్‌తో కొట్టేశాడు. నోటిస్తే తీసుకోలేదు, కూర్చోమన్నాడు. అనువాదం యాప్‌లో మాట్లాడుకున్నాం. హునాన్ నుంచి వచ్చాడట. పదిహేనేళ్లు ఫ్యాక్టరీలు, ఇప్పుడు స్కూటర్. కూతురు ఊళ్లో నాయనమ్మ దగ్గర. ఇక్కడెందుకు చదివించవని అడిగితే చాలాసేపు చెప్పాడు, యాప్ మాత్రం "కాగితం ఊరిది" అని రెండు ముక్కల్లో తేల్చేసింది.

ఆ కాగితం హుకౌ. 1958 నుంచీ ఉన్న కుటుంబ రిజిస్టర్. దాంట్లో పల్లె పేరుంటే నగరంలో సర్కారు బడి సీటుకి సొంతిల్లుందా, బీమా ఎన్నేళ్లు కట్టావు అని పాయింట్లు లెక్కేస్తారు. సీటొచ్చినా, కాలేజీ ప్రవేశ పరీక్ష మాత్రం, షరతులన్నీ కుదిరితే తప్ప, సొంత రాష్ట్రానికి పోయి రాయాల్సిందే.

మాకు ఏ రిజిస్టరూ అడ్డం లేదు. అయినా బొంబాయి బస్సెక్కిన మా నాయిన నన్ను నాయినమ్మ దగ్గరే వదిలిపోయాడు. దసరాకి వచ్చేవాడు. వచ్చిన రోజు నేను దగ్గరికి పోకుండా తలుపు చాటున నిలబడేవాణ్ణి, ఆయనేమో బిస్కెట్ పుడా చూపించి పిలిచేవాడు.

"నువ్వు పండక్కి పోతే పాప దగ్గరికొస్తుందా?" అని టైప్ చేసి చూపించాను. చదివి, కాసేపాగి రెండు వేళ్లు చూపించాడు. రెండో రోజుకి వస్తుందని కాబోలు. అడిగేలోపు ఆర్డర్ మోగింది, హెల్మెట్ పెట్టుకుని పోయాడు.

ఆ వంద నోటు ఇంకా నా దగ్గరే ఉంది.