కనీసం పది కిలోలు, ఆరు వేలు మించకుండా

మా మేనకోడలు ఇంటర్మీడియట్ చదువుతోంది. అసమీకరణాన్ని, అంటే ఒక రాశి మరోదానికంటే తక్కువో ఎక్కువో చెప్పే లెక్కను, ≤, ≥ గుర్తులతో ఇచ్చి గ్రాఫు గీయమంటే తప్పు లేకుండా గీసే ఆ అమ్మాయి, అదే లెక్కను మాటల్లో ఇస్తే మొదటి వరుసలోనే తడబడుతోందని మొన్న సెలవుల్లో గమనించాను. కుర్చీలు, బల్లలు తయారుచేసే కర్మాగారాల లెక్కలతో ఆమెకు అప్పటికే విసుగు పుట్టి ఉంది కాబట్టి, ఇంట్లోనే పిండివంటలు చేసి ఆర్డరు మీద ఇచ్చే మా పిన్నికి ఆ రోజు ఉదయం వచ్చిన ఫోనునే రెండు చరరాశుల లెక్కగా మార్చి ఇచ్చాను.

పిన్ని దగ్గర అరిసెలు కిలో 400 రూపాయలు, సున్నుండలు కిలో 600 రూపాయలు. ఫోను చేసిన పెద్దమనిషి పెట్టిన షరతులు రెండే: రెండూ కలిపి కనీసం 10 కిలోలు ఉండాలి, ఖర్చు 6,000 రూపాయలు మించకూడదు.

అరిసెల బరువును అ కిలోలనీ, సున్నుండల బరువును స కిలోలనీ అనుకున్నాం. ఎక్స్, వై లేకపోతే బీజగణితంలా కనిపించదని మేనకోడలు అభ్యంతరం చెప్పింది గానీ, మన ప్రాచీన గణితవేత్తలు అవ్యక్తరాశులకు, అంటే విలువ తెలియని రాశులకు, కాలకం, నీలకం అని రంగుల పేర్లు పెట్టి, వాటి మొదటి అక్షరాలైన "కా", "నీ"లతోనే సమీకరణాలు నడిపారు కాబట్టి ఆ అభ్యంతరాన్ని నేను లెక్కచేయలేదు.

ఖర్చు షరతును ఆమె వెంటనే 400అ + 600స ≤ 6000 అని రాసి, 200తో భాగించి 2అ + 3స ≤ 30 చేసింది. బరువు దగ్గర మాత్రం అ + స ≤ 10 అని రాసింది. ఎందుకని అడిగితే, "కనీసం అంటే తక్కువనే కదా మామయ్యా" అంది.

ఆ జవాబు విన్నాక, తప్పు గణితంలో లేదనీ, తెలుగు మాట చెవికి వినిపించే తీరులో ఉందనీ నాకు అర్థమైంది. "కనీసం" అనే మాట కింది హద్దును చెబుతుంది, రాశి మాత్రం ఆ హద్దు మీదో, దానికి పైనో ఉంటుంది. "తక్కువ కాకుండా", "తగ్గకుండా" అన్నప్పుడు చెవికి తక్కువే వినిపించినా రాయవలసిన గుర్తు ≥ అవుతుంది. "మించకుండా", "ఎక్కువ కాకుండా" అన్నప్పుడు ఎక్కువ వినిపించినా గుర్తు ≤ అవుతుంది. "పదికి పైగా" అంటే పది చేరదు, "పది వరకు" అంటే చేరుతుంది. "పది లోపు" అన్న మాటను జనం రెండు విధాలా వాడతారు కాబట్టి, లెక్కలు కూర్చేవారు దాని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. గుర్తు పెట్టేముందు ఒక అంకె వేసి చూడమన్నాను: 8 కిలోలు పంపితే ఆ పెద్దమనిషి ఊరుకుంటాడా, 12 పంపితే కాదంటాడా? ఆమె నవ్వి, గుర్తును తిప్పి అ + స ≥ 10 అని దిద్దింది.

గ్రాఫు గీయడం ఆమెకు అలవాటైన పనే. అడ్డంగా అరిసెలు, నిలువుగా సున్నుండలు తీసుకుంటే, ఖర్చు రేఖ (15, 0), (0, 10) బిందువుల గుండా, బరువు రేఖ (10, 0), (0, 10) బిందువుల గుండా పోతాయి. రెండు షరతుల్లోనూ సమానత్వం చెల్లుతుంది కాబట్టి రేఖలను చుక్కలతో కాక నిండుగా గీయాలి. మూలబిందువును, అంటే (0, 0)ను, ప్రతిక్షేపిస్తే 0 ≤ 30 నిజం, 0 ≥ 10 అబద్ధం. అందువల్ల ఖర్చుకు మూలబిందువు ఉన్న వైపు, బరువుకు లేని వైపు షేడింగ్ వస్తుంది. బరువులు రుణాత్మకం కావు కాబట్టి మొదటి పాదంలో ఒక సన్నని త్రిభుజం మిగిలింది. ఆ త్రిభుజంలోని ప్రతి బిందువూ పిన్ని పంపగలిగిన ఒక ఆర్డరే.

మధ్యాహ్నం ఆయన మళ్లీ ఫోను చేసి, సున్నుండలు అరిసెల కంటే తగ్గకూడదన్నాడు. ఈసారి మేనకోడలు స ≥ అ అని సరిగ్గానే రాసింది గానీ, అలవాటుగా మూలబిందువును ప్రతిక్షేపించి 0 ≥ 0 దగ్గర ఆగిపోయింది. రేఖ మూలబిందువు గుండానే పోతున్నప్పుడు ఆ బిందువు ఏ వైపు సంగతీ చెప్పలేదు. (0, 1) వంటి మరో బిందువును తీసుకోవాలి. తీసుకుని చూస్తే త్రిభుజం తరిగి, (0, 10), (5, 5), (6, 6) శీర్షాలుగా మరో చిన్న త్రిభుజం అయింది. అరకిలో, పావుకిలో తూచి ఇవ్వగలిగితే అందులోని బిందువులన్నీ సాధనలే. కిలో డబ్బాల్లోనే ఇవ్వాలంటే మాత్రం పూర్ణాంక బిందువులే పనికొస్తాయి. ఆమె ఓపికగా లెక్కపెడితే సరిగ్గా పది వచ్చాయి.

సాయంత్రానికి ఆయన 10 కిలోలను 12 చేశాడు. బరువు రేఖ తనకు తాను సమాంతరంగా పైకి జరిగి, ఖర్చు రేఖా స = అ రేఖా కలుసుకునే (6, 6) దగ్గర తగిలింది. షేడింగ్ చేయడానికి ప్రాంతమే లేకుండా ఒక్క బిందువు మిగలడంతో, ఎక్కడో తప్పు చేశానని మేనకోడలు కాగితమంతా చెరిపి మళ్లీ గీసింది. మళ్లీ అదే బిందువు వచ్చింది. 13 కిలోలు అడిగితే అదీ ఉండదని రేఖను ఇంకాస్త జరిపి చూపించాను.

ఈ సంగతి చెబుదామని పిన్నికి ఫోను చేస్తే, ఆవిడ నన్ను సాంతం చెప్పనివ్వలేదు. "సున్నుండలు సగానికి తగ్గకూడదంటే కిలో సగటున అయిదు వందలకు తక్కువ పడదు. ఆరు వేలకు పన్నెండు కిలోలే వస్తాయి. ఆరేసి కిలోలని ఆయనకు అప్పుడే చెప్పేశాను, నువ్వు పిల్లను చదువుకోనివ్వు" అంది.