1,046 గంటల దగ్గర మా చిన్న ట్రాక్టర్: ఏవి అరిగాయి, ఏవి నిలిచాయి

నిన్న పని ఆపేసరికి అవర్ మీటర్ 1,046 చూపించింది. 25 హార్స్‌పవర్, మూడు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ (ఆయిల్ ఒత్తిడితో చక్రాలకి కదలిక ఇచ్చేది), ముందు మట్టి ఎత్తే బకెట్ ఉన్న లోడర్, పొట్ట కింద గడ్డి కోసే డెక్. కొత్తగా తీసుకున్నదే, ఇది తొమ్మిదో ఏడు.

మీటర్‌కి గంటలు తెలుస్తాయి గానీ ఆ గంటలో మనం ఏం చేశామో తెలీదు కదా, అందుకని రెండో ఏడాది నుంచి నోటుబుక్కులో కోత గంటలు వేరే, లోడర్ గంటలు వేరే రాస్తున్నాను. కోత 700 దాటింది, లోడర్ పని అందులో మూడో వంతు కూడా లేదు. కానీ పెద్ద రిపేర్లన్నీ లోడర్ వల్ల వచ్చినవే. పాత ట్రాక్టర్ కొనేవాళ్లు మీటర్ ఒక్కటే చూసి ధైర్యం తెచ్చుకోవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

మొదటి 50 గంటలకి ఇంజిన్ ఆయిల్, దాని ఫిల్టర్‌తో పాటు హైడ్రోస్టాటిక్ ఫిల్టర్ కూడా మార్చాను. కొత్త గేర్లు ఒకదానికొకటి కుదురుకునేటప్పుడు రాలే సన్నటి ఇనుప పొడి అంతా ఆ ఫిల్టర్‌లోనే చేరుతుంది, నాది విప్పి చూస్తే మెరుస్తూ కనిపించింది కూడా. ఈ ఒక్క సర్వీసు మాత్రం వాయిదా వేయకండి. తర్వాత నుంచి మాన్యువల్ చెప్పిన గంటల ప్రకారమే, గంటలు నిండకపోయినా ఏడాదికోసారి ఇంజిన్ ఆయిల్ మారుస్తాను. ఇంజిన్ వైపు నుంచి ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదు.

210 గంటల దగ్గర కోత మధ్యలో టెంపరేచర్ ముల్లు పైకి పోయింది. టెన్షన్ పడి ఆపి చూస్తే రేడియేటర్ ముందున్న జాలీ మీద గడ్డి పొట్టు దుప్పటిలా పరుచుకుని ఉంది. జాలీ తీసి దులపడం రెండు నిమిషాల పని, ఎండు గడ్డి కోసే రోజుల్లో గంటకోసారి చేస్తాను. జాలీ దాటి లోపలికి పోయిన దుమ్ముని ఇంజిన్ వైపు నుంచి బయటికి గాలి కొట్టి తీయాలి, ప్రెషర్ నీళ్లు దగ్గర్నుంచి కొడితే రేడియేటర్ సన్న రేకులు వంగిపోతాయి. ఎయిర్ ఫిల్టర్‌లో బయటిది మాత్రమే దులుపుతాను, లోపలి చిన్న ఫిల్టర్‌ని శుభ్రం చేయకూడదు, మార్చడమే.

డెక్ సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. తడి గడ్డి కింద అంటుకుని ఉండిపోతే రేకు తుప్పు పడుతుంది, కోత అయ్యాక గీకేయాలి. బ్లేడుకి పదును పెట్టాక మధ్య రంధ్రంలో మేకు పెట్టి వేలాడదీసి చూస్తాను, ఒక పక్కకి ఒరిగితే ఆ పక్క ఇంకాస్త అరగదీయాలి, లేకపోతే ఆ అదురు నేరుగా బ్లేడు తిరిగే స్పిండిల్ (ఇరుసు) బేరింగ్‌కి తగులుతుంది. 640 దగ్గర ఒక బేరింగ్ మార్చాను.

ఇక అసలు బాధ ముందు యాక్సిల్. 870 గంటల దగ్గర స్టీరింగ్ తిప్పుతుంటే ముందు నుంచి టక్కుమని చప్పుడు. జాకీ పెట్టి ముందు భాగం లేపి, కింద స్టాండ్లు ఆనించాక, యాక్సిల్‌ని పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే కదులుతోంది. మధ్యలో యాక్సిల్ ఊగే పిన్ను ఉంటుంది కదా, దాని చుట్టూ తొడిగే గొట్టంలాంటి ముక్క, బుష్, అరిగిపోయింది. దానికి గ్రీజు ఎక్కించే నిపుల్ లోడర్ బ్రాకెట్ వెనక దాక్కుని ఉంది, ఇన్నేళ్లూ నేను దాన్ని చూడనే లేదు. లోడర్ పిన్నులన్నిటికీ పది గంటలకోసారి గ్రీజు కొట్టినవాణ్ణి దీన్ని వదిలేశాను, ఇప్పటికీ మనసుకి కష్టంగానే ఉంది. మాన్యువల్‌లో గ్రీజు పాయింట్ల బొమ్మ ఉంటుంది, అది చేతిలో పట్టుకుని ఒక్కో నిపుల్ లెక్కపెట్టుకోండి.

గ్రీజు ఒక్కటే కారణం కాదు. మొదటి మూడేళ్లు వెనక బరువు కట్టకుండానే మట్టి ఎత్తాను. బకెట్ నిండితే ఆ బరువుతో పాటు వెనక చక్రాల మీదున్న బరువు కూడా కొంత ముందుకి వచ్చి పడుతుంది. టైర్లలో నీళ్లు నింపితే ట్రాక్టర్ పల్టీ కొట్టకుండా కొంత సాయమే గానీ ముందు యాక్సిల్ మీద భారం తగ్గదు, ఎందుకంటే ఆ బరువు వెనక యాక్సిల్ మీదే ఉంటుంది. దానికంటే వెనక్కి, పనిముట్లు తగిలించే త్రీ పాయింట్ లింక్ మీద బరువు వేలాడదీస్తేనే తక్కెడలా ముందు భాగం తేలికవుతుంది. నేను ఒక పెట్టెలో కాంక్రీటు పోసి పెట్టుకున్నాను.

ప్రాణానికి సంబంధించిన మాట ఇంకొకటి. ఇలాంటి చాలా ట్రాక్టర్లలో బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. నిండు బకెట్‌తో వాలు దిగుతున్నప్పుడు వెనక చక్రాలు తేలిపోతే బ్రేక్ తొక్కినా ఆగదు. ఫోర్ వీల్ వేసి, బకెట్ నేలకి దగ్గరగా ఉంచి, నెమ్మదిగా దిగాలి. గట్టి చదును నేల మీద మాత్రం ఫోర్ వీల్ తీసేయాలి, ముందు చక్రాలు కాస్త ఎక్కువ వేగంతో తిరిగేలా అమర్చి ఉంటాయి కాబట్టి అక్కడ గేర్లు ఒకదాన్నొకటి లాక్కుంటూ అరుగుతాయి, ముందు టైర్లూ అంతే.

బుష్ మార్చినప్పుడే ముందు యాక్సిల్ ఆయిల్ దించి చూశాను, పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిసినట్టు, నాది నల్లగానే వచ్చింది, బతికాం అనుకున్నాను. లోడర్ బ్రాకెట్ బోల్టుల్లో రెండు వదులయ్యాయి. ఇప్పుడు 50 గంటలకోసారి వాటినీ, చక్రాల బోల్టులనీ టార్క్ రెంచ్‌తో బిగిస్తున్నాను.

నిన్న చూసిన వాటిలో మిగిలింది ఒకటే: లోడర్ ఎడమ పక్క హైడ్రాలిక్ గొట్టం మీద ఎండకి సన్నటి పగుళ్లు. ఆయిల్ చెమ్మ ఇంకా కనిపించలేదు. బకెట్ నేలకి దించి, ఇంజిన్ ఆపి, లీవర్లు అటూ ఇటూ కదిపి ప్రెషర్ పోగొట్టాక కొలత తీసుకున్నాను. ఈ వారం రెండు పక్కలా కొత్తవి వేస్తాను.